డ్రాగన్ చచ్చాక మొదలయ్యే తగువు

1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో నాగఫెన్ అనే ఎర్ర డ్రాగన్ ఉండేది. దాన్ని చంపాలంటే పదుల సంఖ్యలో ఆటగాళ్లు ఒకే వేళకు లాగిన్ కావాలి. ఒకరిది అమెరికా తూర్పు తీరం, ఒకరిది పడమటి తీరం, ఇంకొకరిది యూరప్. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. గుహలో గంటలకొద్దీ కాచుకుని, డ్రాగన్ ఊదిన మంటకు కొందరు చచ్చి, మిగిలినవాళ్లు ఎలాగో దాన్ని పడగొట్టేవారు. ఇంత చేస్తే కళేబరం మీద దొరికేవి కొద్దిపాటి వస్తువులు. యుద్ధంలో లేని టెన్షన్ సరిగ్గా అప్పుడు మొదలయ్యేది. ఇవి ఎవరికి?

తొలినాళ్ల ఆన్‌లైన్ గేమింగ్ స్నేహాల గురించి రెండు రకాల కథలు చెబుతుంటారు. ముఖాలు తెలియని మనుషులు ప్రాణస్నేహితులయ్యారన్నది ఒకటి. తెర చాటున ఉన్న ధైర్యంతో జనం నోటికొచ్చినట్టు తిట్టుకున్నారన్నది రెండోది. రెండూ జరిగినవే. కానీ విడివిడిగా చెప్పుకుంటే అసలు సంగతి జారిపోతుంది. ఎదుటివాడు లేనిదే ఆట ముందుకు సాగదు, ఉన్న సరుకు అందరికీ చాలదు. ఈ రెండు షరతులే మనుషుల్ని దగ్గర చేశాయి, ఈ రెండే కొట్టుకునేలా కూడా చేశాయి. తర్వాతి కాలంలో కంపెనీలు తగువుల్ని తీసేద్దామని పూనుకున్నప్పుడు స్నేహాలు కూడా ఎందుకు పలచబడ్డాయో ఇక్కడి నుంచి చూస్తేనే అర్థమవుతుంది.

అక్షరాల్లో ఆట, అర్ధరాత్రి పరిచయాలు

ఈ చరిత్ర బొమ్మలతో మొదలు కాలేదు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ఒక ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాడు. అక్కడే చదువుతున్న రిచర్డ్ బార్టిల్ తర్వాత దాన్ని అందుకున్నాడు. పేరు మల్టీ యూజర్ డంజన్, పొట్టిగా మడ్. తెర మీద బొమ్మ ఒక్కటీ ఉండదు, అంతా అక్షరాలే. తూర్పుకు వెళ్లు, కత్తి తీసుకో అని టైప్ చేస్తే ఆట కదిలేది. యూనివర్సిటీ కంప్యూటర్‌కు పగలంతా వేరే పనులు కాబట్టి బయటివాళ్లు మోడెమ్‌తో చేరి ఆడుకోవడానికి బాగా పొద్దుపోయాకే వీలయ్యేది. అంటే అక్కడ ఎదురయ్యే ప్రతి మనిషీ నిద్ర మానుకుని, ఫోన్ బిల్లుకు తెగించి వచ్చినవాడే. అలాంటి చోట పరిచయం ముదరడానికి ఎక్కువ రోజులు పట్టదు.

తగువు ముదరడానికి కూడా అంతే. మడ్‌లో పోరాడుతూ చస్తే పాత్ర శాశ్వతంగా పోయేది. నెలల తరబడి కూడబెట్టిన పాయింట్లు, పేరు, హోదా ఒక్క దెబ్బకు తుడిచిపెట్టుకుపోయేవి. తగినన్ని పాయింట్లు సంపాదించినవాళ్లు విజార్డులయ్యేవారు. వాళ్లకు ఆ లోకంలో దాదాపు దేవుళ్ల అధికారాలు. గొడవ వస్తే తీర్పు చెప్పాల్సింది కూడా వాళ్లే. వాళ్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు, నిన్నటిదాకా అందరితో పాటు ఆడినవాళ్లే. కాబట్టి తీర్పు ఎటు వచ్చినా 'తన మనిషిని వెనకేసుకొచ్చాడు' అనే మాట తప్పేది కాదు.

బార్టిల్ 1996లో ఆటగాళ్లను నాలుగు రకాలుగా విడదీసి ఒక వ్యాసం రాశాడు. గెలుపు కోసం వచ్చే సాధకులు, లోకం మూలమూలా తిరిగి చూసే అన్వేషకులు, కబుర్ల కోసం వచ్చేవాళ్లు, ఎదుటివాణ్ని ఏడిపించడంలో ఆనందం వెతుక్కునే వేటగాళ్లు. గేమ్ డిజైన్ చదివే ప్రతివాళ్లకూ ఈ వర్గీకరణ తెలుసు. అది పుట్టిందే ఒక వాదనలోంచి అన్న విషయం మాత్రం తక్కువ మందికి తెలుసు. మడ్ రెండో రూపంలోని విజార్డుల మధ్య 1989 నవంబరు నుంచి 1990 మే దాకా 'అసలు జనం ఇక్కడికి దేనికోసం వస్తారు' అన్న చర్చ వాడిగా నడిచింది. ఎవరికి వాళ్లు తాము వచ్చిన కారణమే అందరి కారణం అనుకున్నారు. ఆ వాదనంతా చదివి బార్టిల్ తేల్చిందే ఆ నాలుగు రకాలు.

ఇప్పుడు జనం దాన్ని 'నీది ఏ టైపు' అని చెప్పే సరదా పరీక్షగా వాడుకుంటున్నారు. దాంట్లో విలువైన భాగం వేరే ఉంది. ఒక రకం జనాభా పెరిగితే ఇంకో రకానికి ఏమవుతుందని బార్టిల్ లెక్క వేశాడు. వేటగాళ్లు ఎక్కువైతే కబుర్లవాళ్లు వెళ్లిపోతారు. అంటే ఒకే గేమ్‌లో ఇద్దరు స్నేహితులు రోజూ కలిసి తిరుగుతున్నా, ఇద్దరూ ఆడుతున్నది రెండు వేర్వేరు ఆటలు కావచ్చు. చాలా గొడవలు చెడ్డతనం వల్ల వచ్చినవి కావు. ఒకడికి పందెంగా కనిపించింది ఇంకొకడికి ద్రోహంగా కనిపించేది, అంతే.

హత్య నేరమా, సరదానా

ఈ తేడాను లెక్కపెట్టి చూసే అవకాశం ఒక చోట దొరికింది. 1980ల మధ్యలో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ కంపెనీ కొమొడోర్ 64 కంప్యూటర్ల కోసం హాబిటాట్ అనే ఆన్‌లైన్ లోకాన్ని తయారు చేసింది. చిప్ మార్నింగ్‌స్టార్, ర్యాండీ ఫార్మర్ దాని రూపకర్తలు. అందులో తుపాకులు పెట్టారు, దొంగతనానికి వీలు ఉంచారు. వెంటనే హత్యలు మొదలయ్యాయి. నిజజీవితంలో గ్రీక్ ఆర్థడాక్స్ పూజారి అయిన ఒక ఆటగాడు లోపల ఒక చర్చి తెరిచాడు. అతని శిష్యులు ఆయుధం పట్టకూడదు, దొంగతనం చేయకూడదు. ఇంకొందరు షెరీఫ్‌ను ఎన్నుకున్నారు. చివరికి హత్య నేరమా అని ఓటింగు పెడితే సగం మంది నేరమన్నారు, సగం మంది అదే అసలు సరదా అన్నారు. నిర్వాహకులు ఊళ్లో తుపాకులు పేలకుండా, ఊరి బయట అడవిలో పేలేలా మార్చి రాజీ కుదిర్చారు.

హాబిటాట్‌లో పంచాయితీ నవ్వుకునే స్థాయిలో తెమిలిపోయింది. లాంబ్డామూలో అలా జరగలేదు. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పావెల్ కర్టిస్ 1990లో నడపడం మొదలుపెట్టిన అక్షరాల లోకం అది. పాయింట్లు లేవు, రాక్షసులు లేరు, గెలుపోటములు లేవు. ఒక పెద్ద ఇల్లు, అందులో గదులు, కబుర్లు. సరుకు కోసం పోటీ లేని చోట తగువులు ఉండవనుకుంటే పొరపాటే. 1993 మార్చిలో మిస్టర్ బంగిల్ అనే పేరు పెట్టుకున్న ఒక వ్యక్తి, ఇతర పాత్రలు తమంతట తామే అసభ్యమైన, హింసాత్మకమైన పనులు చేస్తున్నట్టు కనిపించేలా ఒక చిన్న ప్రోగ్రామ్ వాడి, అందరి ఎదుటా వాళ్లను అవమానించాడు. జరిగింది అక్షరాల్లోనే. బాధితులకు కలిగిన కోపం, ఏడుపు మాత్రం కుర్చీలో కూర్చున్న నిజమైన మనుషులవి.

దానికి ముందే, 1992 చివర్లో, ఇకపై సామాజిక వివాదాల్లో వేలు పెట్టబోమని అక్కడి విజార్డులు, అంటే ఆ లోకపు నిర్వాహకులు, ప్రకటించారు. మేం యంత్రాన్ని నడుపుతాం, మీ సంగతులు మీరు చూసుకోండి అన్నది వాళ్ల మాట. బంగిల్ విషయం వచ్చేసరికి ఎవరు చూసుకోవాలో ఎవరికీ తెలియలేదు. ఆటగాళ్లు ఒక గదిలో చేరి గంటలకొద్దీ వాదించుకున్నారు. కొందరు తుడిచిపెట్టాలన్నారు. కొందరు చట్టమే లేనప్పుడు శిక్షేమిటన్నారు. ఏమీ తేలకుండానే సభ ముగిసింది. ఆ తర్వాత ఒక విజార్డు ఎవరినీ అడగకుండా తనంతట తానే బంగిల్ పాత్రను తీసేశాడు. ఆపైన కర్టిస్ పిటిషన్లు, ఓటింగు పద్ధతి ప్రవేశపెట్టాడు. మూడేళ్లకే, 1996లో, సామాజిక వ్యవహారాలకు దూరంగా ఉండటం సాధ్యం కాదని విజార్డులు ఒప్పుకుని మళ్లీ జోక్యం మొదలుపెట్టారు.

బంగిల్ కథను సాధారణంగా ఆన్‌లైన్ వేధింపుల చరిత్రలో తొలి అధ్యాయంగా చెబుతారు, అది సరైనదే. స్నేహాల వైపు నుంచి చూస్తే ఇంకొకటి కూడా తెలుస్తుంది. ఆ రాత్రి దాకా లాంబ్డామూ జనం తాము స్నేహితుల గుంపు అనుకున్నారు. స్నేహితుల గుంపుకు నియమావళి అక్కర్లేదు. వందలమంది చేరాక ఒక్క మనిషి చాలు, అది గుంపు కాదు ఊరు అని తేలిపోవడానికి. అప్పుడు నియమాలు రాయడం మొదలైతే, నియమాలు ఎలా ఉండాలన్న దాని మీద పాత స్నేహితులే రెండు వర్గాలయ్యారు. ఆ తర్వాత దాదాపు ప్రతి గేమ్‌లోనూ ఇదే వరస నడిచింది.

గంటకు ఇంత అని డబ్బు కట్టి చేసిన స్నేహం

ఆ రోజుల్లో ఆన్‌లైన్‌లో ఉండటానికి అయ్యే ఖర్చును ఇప్పుడు ఊహించడం కష్టం. 1985లో కంప్యూసర్వ్ అనే ఆన్‌లైన్ సేవలో వచ్చిన ఐలాండ్ ఆఫ్ కెస్మాయ్ అనే గేమ్ ఆడాలంటే 300 బాడ్ మోడెమ్ వేగానికి గంటకు 6 డాలర్లు, 1200 బాడ్ వేగానికి 12 డాలర్లు. గంటకు ఇంతని మీటర్ తిరుగుతుంటే ఎవరూ ఊరికే కబుర్లు చెప్పరనిపిస్తుంది. నిజానికి చెప్పారు. డబ్బు కట్టి మరీ కూర్చున్న మనిషి తన మాట వింటున్నాడంటే దానికి విలువ ఎక్కువ. 1996 డిసెంబరులో అమెరికా ఆన్‌లైన్ అనే కంపెనీ నెలకు 19.95 డాలర్లకు ఎంతసేపైనా వాడుకోవచ్చని ప్రకటించాక ఈ లెక్క తలకిందులైంది. డబ్బు బెంగ తీరింది, ఇక కాలమే కొలమానం అయింది. ఎవరు ఎన్ని గంటలు ఉండగలరన్నదే హోదా. కాలేజీ కుర్రాడు రోజుకు పది గంటలు ఉంటాడు, ఇద్దరు పిల్లల తల్లి రాత్రి రెండు గంటలే ఉండగలదు. మొదటి నెలలో ఇద్దరూ జంటగా తిరుగుతారు, మూడో నెలకు అతను ఆమెకు అందనంత లెవెల్‌లో ఉంటాడు. ఎవరి తప్పూ లేకుండా తెగిపోయిన స్నేహాల్లో ఇలాంటివే ఎక్కువ.

సాంకేతిక ఇబ్బందులు వేరే. డయలప్ కనెక్షన్ మీద ఆడుతుంటే ఇంట్లో ఎవరో ఫోన్ ఎత్తితే చాలు, లైన్ తెగేది. తెర మీద మాత్రం ఆ పాత్ర అలాగే బొమ్మలా నిలబడి ఉండేది. ఎవర్‌క్వెస్ట్ జనం దాన్ని లింక్‌డెడ్ అనేవారు. సరిగ్గా యుద్ధం మధ్యలో వైద్యం చేయాల్సిన మనిషి లింక్‌డెడ్ అయితే మిగతా ఐదుగురూ చచ్చేవారు. వాడికి లైన్ తెగిందా, భయపడి కావాలనే ప్లగ్ పీకాడా? చెప్పేవాళ్లు ఎవరూ లేరు. గొంతు వినిపించే సాఫ్ట్‌వేర్ 1999 నాటికి వచ్చినా, మాట్లాడుకోవడం ఇంకా చాలావరకు టైపింగ్‌తోనే. 'సరే' అన్న ఒక్క మాటలో ఒప్పుకోలు ఉందా, అలక ఉందా అన్నది చదివేవాడి మూడ్‌ను బట్టి ఉండేది. ఎదురుగా కూర్చుంటే ముఖం చూసి పట్టేసే చిన్న విషయం, ఆన్‌లైన్‌లో మూడు రోజుల మాటల నిషేధంగా మారేది.

ఆడ పాత్రల సంగతి ఇంకో చిక్కు. లాంబ్డామూ నడిపిన కర్టిస్ 1992లోనే దీని గురించి రాశాడు. ఆడేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే, ఆడ పాత్ర కనిపిస్తే చాలు చుట్టూ చేరి సాయం చేస్తామంటారు లేదా వేధిస్తారు. కొందరు మగవాళ్లు ఆ శ్రద్ధ కోసమే ఆడ పాత్రలు వేసేవారు. నిజంగా ఆడవాళ్లైన ఆటగాళ్లు 'నువ్వు అమ్మాయివేనని నిరూపించు' అన్న ప్రశ్నకు విసిగి మగ పాత్రలు ఎంచుకునేవారు. తీరా నెలల తర్వాత నిజం బయటపడితే కోపం ఎక్కువగా వచ్చేది అబద్ధం చెప్పినందుకు కాదు, ఇచ్చిన బహుమతులు గుర్తొచ్చి!

తాళంచెవి, శవం, చావిడి

1997 సెప్టెంబరులో అల్టిమా ఆన్‌లైన్ వచ్చింది. దాని రూపకర్త రిచర్డ్ గారియట్ సొంత పాత్ర లార్డ్ బ్రిటిష్‌ను విడుదలకు ముందు జరిగిన పరీక్షలోనే ఒక ఆటగాడు మంటల మంత్రంతో చంపాడు. రాబోయేదానికి అది సూచన అనుకోవాలి. ఆ లోకంలో ఊరు దాటితే ఎవరైనా ఎవరినైనా చంపవచ్చు, చచ్చినవాడి ఒంటి మీద ఉన్నదంతా దోచుకోవచ్చు. చచ్చినవాడు దెయ్యమై తిట్టినా ఎదుటివాడి తెర మీద 'ఊఊ' అని మాత్రమే కనపడేది. ఒంటరిగా తిరిగే ధైర్యం ఎవరికీ లేదు, అందుకే గుంపులు కట్టారు. భయం పుట్టించిన స్నేహాలు గట్టివే. ఆ గేమ్‌లో ఇల్లు కట్టుకుంటే తలుపుకు నిజంగానే తాళంచెవి ఉండేది, స్నేహితుడికి నకలు చేసి ఇవ్వవచ్చు. ఆ చెవి ఎవరి దగ్గర ఉంటే వాళ్లకు ఇల్లు ఖాళీ చేసే అవకాశం ఉన్నట్టే. గిల్డ్‌లో, అంటే ఆటగాళ్లు పేరు పెట్టి కట్టుకున్న గుంపులో, మంచివాడిగా మెలిగి, ఒక రాత్రి అన్నీ ఊడ్చుకుపోవడం కొందరికి ఒక వృత్తి. 2000లో ఆ కంపెనీ లోకాన్ని రెండుగా చీల్చింది. ఫెలూకాలో పాత పద్ధతి, ట్రామెల్‌లో ఇష్టం లేనివాణ్ని చంపడానికి వీల్లేదు. జనం ఎక్కువగా ట్రామెల్‌కే పోయారు. వెళ్లినవాళ్లలోనే చాలామంది ఆ తర్వాత ఏళ్ల తరబడి ఫెలూకా రోజుల గురించి ఇష్టంగా చెప్పుకున్నారు, అది వేరే విషయం.

ఎవర్‌క్వెస్ట్ ఈ సమస్యను మొదటే తప్పించుకుందామని చూసింది. 1999 మార్చి 16న విడుదలైన ఆ గేమ్‌లో మామూలు సర్వర్లలో (ఒక్కో సర్వర్ ఆ లోకానికి ఒక విడి నకలు) తోటి ఆటగాణ్ని చంపలేరు. అయినా తగువులకు లోటు రాలేదు, ఎందుకంటే దాని నిర్మాణమంతా పరస్పర అవసరం మీదే నిలిచింది. గ్రూపుకు ఆరుగురు. దెబ్బలు కాచే యోధుడు, గాయాలు మాన్పే క్లెరిక్, రాక్షసుల్ని నిద్రపుచ్చే ఎన్‌చాంటర్ లేనిదే లోతైన గుహల్లో బతకలేరు. మంత్రశక్తి ఖర్చయితే కూర్చుని నింపుకోవాలి. మొదట్లో అలా కూర్చున్నంతసేపూ తెర నిండా మంత్రాల పుస్తకం తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. చేసేది లేక టైప్ చేస్తారు. ఏ ఊరు, ఏ ఉద్యోగం, పెళ్లయిందా. ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి పడవ కోసం రేవులో నిలబడ్డా అంతే, అమ్మకాల కోసం కామన్‌లాండ్స్ సొరంగంలో పోగైనా అంతే. ఇప్పటి డిజైనర్లు వృథా అని కోసేసే ఆ ఖాళీ సమయమే అప్పటివాళ్లకు చావిడి.

అన్నిటికంటే ముఖ్యమైంది చావు. చచ్చిన చోటే శవం పడి ఉండేది, సరంజామా అంతా దాని మీదే. పాత్ర ఒట్టి చేతులతో ఎక్కడో దూరంగా మళ్లీ లేచేది. గడువులోగా వెళ్లి తెచ్చుకోకపోతే శవంతో పాటు అన్నీ మాయం. రాక్షసుల గుహ అడుగున పడిన శవాన్ని ఒంటరిగా తెచ్చుకోవడం అసాధ్యం. దాన్ని లాగే అనుమతి ఇంకొకరికి ఇవ్వడానికి 'కన్సెంట్' అనే ఆదేశం ఉండేది. ఒక మనిషి పని దినం ముందు రాత్రి రెండింటికి, తనకు పైసా లాభం లేకుండా, గంటసేపు దాక్కుంటూ వెళ్లి వేరొకరి శవాన్ని లాక్కొచ్చేవాడు. పై లెవెల్ క్లెరిక్ వచ్చి బతికిస్తే పోయిన అనుభవ పాయింట్లలో 96 శాతం తిరిగొచ్చేవి. ఇలాంటి సాయం చేసినవాళ్ల పేర్లు జనం దశాబ్దాల తర్వాత కూడా మర్చిపోలేదు. కష్టం ఎక్కువైనకొద్దీ ఉపకారం బరువు పెరుగుతుంది. చావుకు శిక్షే లేని ఆటలో ఎవరు ఎవరికి ఏం ఉపకారం చేయగలరు?

అదే గేమ్‌లో తగువుల జాబితా కూడా పొడుగే. ప్రాణభయంతో పారిపోయేవాడి వెనక పది రాక్షసులు వరసగా పరిగెత్తేవి, దాన్ని ట్రెయిన్ అనేవారు. వాడు ద్వారం దాటి బతికిపోయేవాడు, ద్వారం దగ్గర కబుర్లాడుకుంటున్న అమాయకులు చచ్చేవారు. కావాలని చేశాడా, ఖర్మకాలిందా? ఇంకా పెద్ద పేచీ క్యాంపులది. మంచి వస్తువు ఇచ్చే రాక్షసుడు ఒకే చోట, కొంత కొంత సేపటికి పుట్టేవాడు. గుక్ గుహ అడుగున ఒక పిశాచి ఇచ్చే నల్లపట్టు దట్టీ కోసం ఆటగాళ్లు గంటలు గంటలు కూర్చునేవారు. ఖాళీ ఉందా అని కొత్తగా వచ్చినవాడు అడగాలి, ఉన్నవాళ్లు చెప్పాలి, తర్వాత ఎవరో జాబితా ఉండాలి. ఇవేవీ గేమ్ కోడ్‌లో లేవు. మన ఊళ్లలో బోరింగు దగ్గర బిందె పెట్టి పోయినా వరస చెల్లినట్టే, అక్కడా జనం తమంతట తామే ఆ కట్టుబాటు పెట్టుకున్నారు. కట్టుబాటు ఒప్పుకోనివాడు వచ్చి రాక్షసుణ్ని ముందే కొట్టేస్తే ఆపే దారి లేదు. కంపెనీ మర్యాద నియమాలు రాసింది, గేమ్ మాస్టర్లను పంపింది. వాళ్లు చెప్పేది చాలావరకు 'పంచుకోండి, వంతులు వేసుకోండి' అనే. వాళ్లు వెళ్లాక అక్కడ శిక్ష ఒకటే మిగిలేది, పరువు. ఒక సర్వర్‌లో కొన్ని వేలమందే ఉండేవారు, పేరు మార్చుకోవడం తేలిక కాదు. దొంగ అని పేరు పడితే గ్రూపులో చేర్చుకునేవాళ్లు ఉండరు, గ్రూపు లేకపోతే ఆటే లేదు.

పంపకాల దగ్గర

ఇక డ్రాగన్ల దగ్గరికి వస్తే, నాగఫెన్, వాక్స్ అనే రెండు డ్రాగన్లు ఒకసారి చస్తే మళ్లీ పుట్టడానికి దాదాపు వారం పట్టేది. సర్వర్ మొత్తానికి అవే. దొరికిన వస్తువును మొదట్లో పాచికలు వేసి ఇచ్చేవారు. నెలల తరబడి ప్రతి యుద్ధానికీ వచ్చినవాడు ఓడిపోయి, మొదటిసారి వచ్చినవాడు గెలుచుకుంటే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. నాయకుడే నిర్ణయిస్తే వాడి తమ్ముడికో, ప్రియురాలికో పోయిందన్న గుసగుసలు. 1999లోనే ఆఫ్టర్‌లైఫ్ అనే గిల్డ్ ఒక ఉపాయం కనిపెట్టింది. యుద్ధానికి వచ్చిన ప్రతిసారీ పాయింట్లు జమ, వస్తువు తీసుకుంటే ఖర్చు. డ్రాగన్‌ను చంపితే వచ్చే పాయింట్లు కాబట్టి డ్రాగన్ కిల్ పాయింట్లు అన్నారు. ఇప్పటికీ డీకేపీ అంటే ప్రపంచమంతటా పాత ఆటగాళ్లకు తెలుస్తుంది.

డీకేపీ న్యాయమైన పద్ధతే. పక్షపాతం మాట తగ్గింది. కానీ ఖాతా పుస్తకం తెరిచాక మనుషులు దాని భాషలోనే ఆలోచించడం మొదలుపెట్టారు. అంతకుముందు 'రేపు వస్తావా' అన్నది పిలుపు, ఇప్పుడు అది హాజరు పట్టీ. జ్వరంతో రాలేకపోయినవాడికి పాయింట్లు ఇవ్వాలా, పాయింట్లు దాచుకుని ఒకేసారి పెద్ద వస్తువు కొట్టేసి పై గిల్డ్‌కు మారిపోయినవాణ్ని ఏమనాలి, లింక్‌డెడ్ అయినవాడి సగం గంట లెక్కలోకి వస్తుందా? గిల్డులు పగిలింది ఎక్కువగా ఇలాంటి చోటే. బయటి శత్రువు చేతిలో ఓడి చెదిరిపోయిన గిల్డుల కంటే, పెద్ద విజయం తర్వాత పంపకాల్లో చీలినవే ఎక్కువగా కనిపిస్తాయి. ఇక బలమైన గిల్డులు పై లెవెల్ చేరాక కూడా ఆ రెండు డ్రాగన్లనూ చిన్నవాళ్లకు వదలకపోతే, 52వ లెవెల్ దాటినవాళ్లు దగ్గరికొస్తే గుహలోంచి బయటికి విసిరేసేలా కంపెనీయే మార్చాల్సి వచ్చింది.

శత్రువులు కలిసిన సందర్భమూ ఒకటి ఉంది. ఎవర్‌క్వెస్ట్‌లో కెరాఫిర్మ్ అనే నిద్రపోయే డ్రాగన్‌ను, ఎవరూ చంపలేనిదిగా తయారు చేశారు. కావలి ఉన్న నలుగుర్నీ చంపితే అది లేచి లోకం మీద పడుతుంది. ఒక సర్వర్‌లో అలా ఒక్కసారే జరుగుతుంది. ఆటగాళ్లు ఒకరినొకరు చంపుకోగల రాలోస్ జెక్ సర్వర్‌లో 2003 నవంబరులో మూడు గిల్డులకు చెందిన దాదాపు 200 మంది కలిసి దాని మీద పడ్డారు. గంటలకొద్దీ పోరాడి దాని ప్రాణాన్ని నాలుగో వంతు దాకా తగ్గించాక నిర్వాహకులు డ్రాగన్‌ను మాయం చేశారు. జనం మండిపడ్డారు. కంపెనీ క్షమాపణ చెప్పి మళ్లీ అవకాశమిచ్చింది, రెండు రోజుల తర్వాత చంపేశారు. కళేబరం మీద ఏమీ దొరకలేదు. పంచుకోవడానికి ఏమీ లేకపోవడం ఆ కూటమికి ఒకరకంగా కలిసొచ్చిందేమో!

నమ్మకం ఎంతవరకు

ఈ స్నేహాలు నిజమైనవేనా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది. పరిశోధకుడు నిక్ యీ 2000ల మొదట్లో వేలమంది ఆటగాళ్లను సర్వే చేస్తే, మగవాళ్లలో దాదాపు 40 శాతం, ఆడవాళ్లలో సగానికి పైగా తమ గేమ్ స్నేహితులు బయటి స్నేహితులతో సమానమనో, ఇంకా మెరుగనో చెప్పారు. దీన్ని ఒంటరితనానికి గుర్తుగా కొట్టేసేవాళ్లు ఉన్నారు. కానీ కష్టంలో ఎలా ఉంటాడో చూశాక ఏర్పడే అంచనా, ముఖం చూసి ఏర్పడే అంచనా కంటే తక్కువదేమీ కాదు. అదే సమయంలో ఆ అంచనాకు హద్దు కూడా ఉంది. లెజెండ్‌మడ్ అనే అక్షరాల గేమ్‌లో 1998లో ఒక నార్వే అమ్మాయి కారు ప్రమాదంలో చనిపోయిందన్న వార్త వచ్చింది. అందరూ ఇష్టపడిన మనిషి. లోపల ఆమె పేరిట ఒక తోట పెంచి, చెట్టు నాటి జనం ఏడ్చారు. కొన్నేళ్ల తర్వాత ఒక రచయిత ఆరా తీస్తే అలాంటి ప్రమాదం జరిగిన జాడే దొరకలేదు. ఆ తోటలో కార్చిన కన్నీళ్లు అబద్ధమని మాత్రం ఎవరూ అనలేదు.

తెలుగు ప్రాంతాలు ఈ తొలి ఘట్టానికి దాదాపు దూరంగానే ఉండిపోయాయి. అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ను జనానికి తెచ్చిందే 1995 ఆగస్టు 15న. లోకల్ కాల్‌కు పల్సుల లెక్కన బిల్లు, గేమ్‌కు డాలర్లలో నెల చందా, అందుకో క్రెడిట్ కార్డు. ఎవర్‌క్వెస్ట్ లాంటివి ఇక్కడి ఇళ్లలోకి రావడానికి ఇన్ని అడ్డంకులు. హైదరాబాద్, విజయవాడ కుర్రాళ్లకు అందింది నెట్ సెంటర్‌లో గంటకు ఇంతని కట్టి ఆడే కౌంటర్ స్ట్రైక్. అక్కడ కాల్చి చంపినవాడు పక్క కుర్చీలోనే ఉంటాడు. తిట్టు వెంటనే తగులుతుంది, తగువు సెంటర్ ఓనర్ ముందే తేలిపోతుంది, టీ కొట్టు దగ్గర మర్చిపోతారు. ముఖం తెలియని స్నేహం మన దగ్గర పెద్దఎత్తున వచ్చింది 2018లో పబ్‌జీ మొబైల్‌తో. నలుగురి స్క్వాడ్, చెవిలో తెలుగు మాట, పడిపోయినవాణ్ని లేపడానికి పాక్కుంటూ వెళ్లడం, తర్వాత తుపాకీ తూటాల దగ్గర అలగడం. పోలికలు ఉన్నాయి. కాకపోతే అరగంటలో ఆట ముగుస్తుంది, నచ్చనివాణ్ని ఒక్క టచ్‌తో వదిలించుకోవచ్చు.

ఆ వదిలించుకునే వీలు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. క్యాంపుల తగువులకు విసిగిన డిజైనర్లు ప్రతి గ్రూపుకూ విడిగా ఒక గుహ నకలు తయారు చేసి ఇచ్చే పద్ధతి తెచ్చారు. ఎవర్‌క్వెస్ట్‌లో అది 2003లో వచ్చింది, 2004 చివర్లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ దాన్నే పునాదిగా చేసుకుంది. క్యూలు పోయాయి. శవం కోసం పరుగులు దాదాపు నామమాత్రమయ్యాయి. 2009 డిసెంబరులో అదే వార్‌క్రాఫ్ట్, ఒక బటన్ నొక్కితే వేరే సర్వర్ల నుంచి కూడా మనుషుల్ని తెచ్చి గ్రూపు కట్టే సదుపాయం ఇచ్చింది. గ్రూపు కోసం గంటసేపు అరవనక్కర్లేదు. వచ్చిన నలుగురూ మళ్లీ కనపడరు కాబట్టి వాళ్ల పేర్లు చదవనక్కర్లేదు. దురాశతో వస్తువు లాక్కుపోయినా పరువు పోయేదేమీ లేదు, మంచిగా ఉన్నా గుర్తుంచుకునేవారు లేరు. ఆటలు మెరుగయ్యాయి, అందులో సందేహం లేదు. ఉద్యోగం, పిల్లలు ఉన్న మనిషి కూడా హాయిగా ఆడుకోగలుగుతున్నాడు. కానీ మాట్లాడే పని లేని చోట జనం మాట్లాడటం మానేశారు.

అది వద్దనుకున్నవాళ్లు కొందరు పాత ఎవర్‌క్వెస్ట్‌ను ఉన్నది ఉన్నట్టు తిరిగి కట్టి 2009లో ప్రాజెక్ట్ 1999 పేరుతో ఉచితంగా నడపడం మొదలుపెట్టారు. 2015లో గేమ్ హక్కులున్న కంపెనీయే దానికి అనుమతి ఇచ్చింది. శవాలు పడిన చోటే పడి ఉంటాయి, పడవ కోసం కాచుకోవాలి, దట్టీ కోసం గుక్ అడుగున కూర్చోవాలి. జనం వచ్చారు, స్నేహాలూ కుదిరాయి. వాటితో పాటే డ్రాగన్ల మీద గిల్డుల పేచీలు కూడా వచ్చాయి. ఎవరు ముందు చూశారు, ఎవరు ముందు కొట్టారు, ఎవరి వంతు అన్నది తేల్చడానికి అక్కడ పేజీలకొద్దీ నియమాలు రాసుకున్నారు. ఫిర్యాదులు వినడానికి జీతం లేని వాలంటీర్లు కూర్చుంటారు.